కొంగరేవు గొంతు

మార్గశిరం 4

రేవుల బోర్డు వారి రికార్డు పుస్తకం వేరే ఉంది. పచ్చ అట్టది, షెడ్డు గోడకి తాడుతో కట్టి ఉంటుంది. ఇది నా సొంత నోటుబుక్కు. పచ్చ పుస్తకంలో రాయలేనిది ఒకటి ఇవాళ జరిగింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున్న ఆరింటికి మామూలు పనులన్నీ చేశాను. గాలిమర బ్యాటరీల్లో నీళ్లు చూశాను. వాల్వుల గాజుబుడ్ల మీద పేరుకున్న ఉప్పుపొడిని పాత చీరముక్కతో తుడిచాను. స్పీకరు మీది టార్పాలిన్ తీసి ఎండకి వేశాను. ఏడింటికి బోర్డు లారీ వచ్చింది. సముద్రం పోటెక్కితే రోడ్డు మునుగుతుంది కనక పదిన్నరకల్లా అది తిరిగి వెళ్లిపోవాలి. అందులో మా ఇన్‌స్పెక్టరు సదాశివరావు గారు, ఆయన కాళ్ల దగ్గర గోనెసంచుల మధ్య కొత్త ఆంప్లిఫయరు. బోర్డు వర్క్‌షాపులో కట్టింది, ఏడో నంబరు.

పాతదాని పేరు మాలచ్చి. ఇరవై ఏళ్లుగా మంచు పట్టిన ప్రతి ఉదయం కొంగరేవు పడవల్ని ఇంటికి పిలుస్తున్నది అదే. దాన్ని కట్టింది ఎర్రమ్మ పిన్ని, వాయించేదీ ఆవిడే. గిటారు మీద ఒక్క దెబ్బ. గెయిన్, అంటే లోపలి జోరు, బాగా పెంచిన వాల్వుల్లోంచి వెళ్లేసరికి అది చీలి, బొంగురుపోయి, తొమ్మిది లెక్కపెట్టేదాకా సాగుతుంది. ఆ బొంగురు ఒక్కో రేవుకి ఒక్కో రకం. గుమ్మం బయట దగ్గింది ఎవరో ఇంట్లోవాళ్లకి తెలిసిపోయినట్టు, పడవ మీదివాళ్లకి తమ రేవు తెలిసిపోతుంది. అమ్మమ్మ కాలంలో దారి చూపించిన యంత్రాలు ఇప్పుడు లేవు. తెలియకపోతే ఏమవుతుందంటే, మాకూ పక్కనున్న తెల్లమెట్ట రేవుకీ మధ్య మునకపేట ఉంది. ఒకప్పటి అపార్ట్‌మెంట్లు. ఇప్పుడు మూరెడు నీళ్ల కింద డాబాలు, డాబాల మీద ఇనపచువ్వలు.

వాల్వులు ఎవరూ తయారుచేయడం లేదు, అందుకే రేవుకి ఒక్క సెట్టే. రెండు ఆంప్లిఫయర్లలో ఏది ఉండాలో చెవితో తేల్చడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగానికి శ్రోత అని పేరు. నాలుగేళ్లు ధ్వనిశాస్త్రం చదివి, ఎండుచేపల వాసన మధ్య రెండేళ్లుగా ఇదే చేస్తున్నాను.

తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. శ్రోత గోడవైపు తిరిగి కూర్చుంటుంది. వెనక వలగుడ్డ తెర. తెరవెనక ఎర్రమ్మ పిన్ని గవ్వ వేసి, అది పడినదాన్నిబట్టి పాతదానిలోనో కొత్తదానిలోనో ఒకే దెబ్బ కొడుతుంది. తరువాత రెండోదానిలో. ఏది మేలో నేను చెప్పాలి. పది సార్లు. ఇదంతా టేపు మీద ఎక్కుతుంది. అన్నిటికంటే ముందు ముల్లు మీటరు పెట్టి రెండిటి చప్పుడూ సమానం చేయాలి. మొదటి సంవత్సరం మొదటి పాఠం అది: రెండిట్లో కాస్త గట్టిగా వినబడినదాన్నే చెవి మంచిదంటుంది. ఎంత చదువుకున్న చెవైనా సరే.

మీటరు వలలగదిలో అటక మీద ఉంది. వలలగది తాళం నూకరాజు దగ్గరుంది. నూకరాజు పడవ ఇంకా ఒడ్డుకి రాలేదు. తొమ్మిది దాటింది.

సదాశివరావు గారు వాచీ చూసుకుని, "సుభాషిణిగారూ, మీరు నగరంలో ధ్వని భాండాగారానికి దరఖాస్తు పెట్టారు కదూ?" అన్నారు. "అక్కడ వాళ్లకి చప్పున తేల్చేవాళ్లు కావాలి. నసిగేవాళ్లని తీసుకోరు."

నేను నసగలేదు. చప్పుళ్లు చెవితోనే సమం చేసి కూర్చున్నాను.

పదికి తొమ్మిదిసార్లు ఏడో నంబరే అన్నాను. నిజంగానే బాగుంది. కింద ధన్ మని గుండెకి తగిలింది, పైన మెరిసింది. మాలచ్చి దాని పక్కన జలుబు చేసిన మనిషిలా ఉంది.

ఎర్రమ్మ పిన్ని తెర తప్పించుకుని ఇవతలికి వచ్చింది. "అది బాగునేదమ్మా. గట్టిగుంది, అంతే."

"చూడకుండానే విన్నాను కదా పిన్నీ. పదికి తొమ్మిది."

"పూరీ పొంగినట్టుంది. సూడ్డానికి పెద్దది, లోన గాలి. మాలచ్చికి నడుం కాడ కండుంది. దూరం ఎల్లీది ఆ కండే గాని, ఈ మెరుపులు కాదు."

"మీ చేత్తో కట్టుకున్నారు, ఆ అభిమానం కొద్దీ అలా అనిపిస్తోంది," అన్నాను. సదాశివరావు గారు నవ్వారు.

"అభిమానవేటి, నాకు సెవుల్నేవా?" అంది. నేను కూడా నవ్వాను.

పదింటికి నూకరాజు వచ్చాడు. తాళం తీయించి మీటరు తెచ్చి, ఎందుకో మరి, ఎవరూ చూడకుండా టేపుకి పెట్టి చూశాను. ఏడో నంబరు నాలుగు గీతలు ఎక్కువుంది.

అప్పటికి ఎర్రమ్మ పిన్ని మాలచ్చి వాల్వుల్ని ఒక్కొక్కటే ఊడదీసి గుడ్డలో చుడుతోంది, దక్షిణాన ఏదో రేవుకి పంపడానికి. లారీ హారన్ కొట్టింది. ఫారంలో మూడో గడి: "శబ్దస్థాయి సమానం చేయబడినదా?"

అవును అని రాసి సంతకం పెట్టాను.


మార్గశిరం 5

మాలచ్చి ఖాళీ పెట్టెలో ఎర్రమ్మ పిన్ని కోడిగుడ్లు పెట్టింది. వాల్వు కూర్చునే గుంటకి ఒకటి చొప్పున. సరిగ్గా సరిపోయాయి.

"ఊరికే ఉంటే ఎలకలు దూరతాయి," అంది.

నాలుగు గీతలు పెద్ద లెక్క కాదు. సమం చేసి విన్నా నేను అదే చెప్పేదాన్ని. బహుశా.


మార్గశిరం 11

మొదటి మంచు. తెల్లవారుజామున వెళ్లిన పడవలు ఎనిమిది. ఆరున్నరకి ఏడో నంబరు వేడెక్కించాం. ఎర్రమ్మ పిన్ని స్టూలు మీద కూర్చుని, గిటారు ఒళ్లో పెట్టుకుని, దెబ్బ కొట్టి తొమ్మిది లెక్కపెట్టి, మళ్లీ కొట్టింది. మాలచ్చి రోజుల్లో మొదటి పడవ ఇరవై దెబ్బలకి కనబడేది. ఇవాళ అరవై నాలుగు. ఎనిమిదో పడవ వచ్చేసరికి నాకు లెక్క తప్పిపోయింది.

పచ్చ పుస్తకంలో "గాలి ప్రతికూలం" అని రాశాను. గాలి లేదు.

నూకరాజు షెడ్డులోకి వచ్చి తడిచొక్కా పిండుకున్నాడు. ఎర్రమ్మ పిన్నికి సొంత తమ్ముడు, ఎనిమిది పడవలకీ పెద్ద. "ఏటప్పా, ఇయాల సంకటి తిన్నేదేటి? సప్పుడొస్తంది గాని ఎటు నుంచొస్తందో తెల్లేదు. సముద్రం మీద పిండి సల్లినట్టు సుట్టూ అదే."

"సెయ్యి తిమ్మిరిగుందిరా," అంది ఎర్రమ్మ పిన్ని.

ఆవిడ చెయ్యి ఎప్పుడూ పడేచోటే పడింది. నేను పక్కనే ఉన్నాను.


మార్గశిరం 13

వాల్యూమ్ పెంచాను. నాకు తోచిన మందు అదే. షెడ్డు రేకులు అదిరాయి. మొదటి పడవ డెబ్బై ఒకటో దెబ్బకి వచ్చింది. రెండు పడవలు తెల్లమెట్టలో తేలాయి. అక్కడివాళ్లు వీళ్లకి చద్దన్నం పెట్టి, "మీ రేవుకి జరవొచ్చినాదేటి, అలగ మూలుగుతంది?" అని నవ్వారట.

దాన్ని మావాళ్లు నవ్వుతూనే ఎర్రమ్మ పిన్నికి చెప్పారు. ఆవిడా నవ్వింది. తరువాత చాలాసేపు కుడిచేతి వేళ్లు ముడుస్తూ తెరుస్తూ కూర్చుంది.


మార్గశిరం 17

ఇవాళ మంచు లేదు. ఎర్రమ్మ పిన్ని సంతకి వెళ్లింది. షెడ్డు గడియ పెట్టుకుని ఆ రోజు టేపు బయటికి తీశాను.

మీటరు పెట్టి, ఏడో నంబరు వంతు వచ్చినప్పుడల్లా నాలుగు గీతలు తగ్గించి విన్నాను. కళ్లు మూసుకుని, గోడవైపు తిరిగి, పద్ధతి ప్రకారం.

మొదటిసారి వినగానే తెలిసింది. అయినా పదిసార్లూ విన్నాను.

సమానంగా వింటే మాలచ్చి దెబ్బ బెల్లం పాకం ముదిరి గరిటెకి తీగ సాగినట్టుంది. బొంగురు ఉంది, ఆ బొంగురులో స్వరం ఎక్కడా చెదరలేదు. తొమ్మిది లెక్కపెట్టేదాకా ఒకే ఒడ్డున నిలబడి పిలుస్తోంది. ఏడో నంబరులో కింద ఉరుము, పైన ఇసక జల్లెడ. మధ్యలో గొంతు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ కింది ఉరుముని నీళ్లు మింగేస్తాయి, పై ఇసకని మంచు మింగేస్తుంది. ఒడ్డు నుంచి అరమైలు దాటాక మిగిలేది ఏమిటి?

ఎర్రమ్మ పిన్ని చెప్పింది ఇదే. పూరీ అంది. ఆవిడ ధ్వనిశాస్త్రం చదవలేదు, మీటరు ముట్టలేదు, నాలుగు గీతల మోసాన్ని నిలబడ్డచోటే పట్టేసింది. నేను నవ్వాను.

టేపు చెరిపేయవచ్చు. నెల దాటితే ఎలాగూ చెరిపేస్తాం. చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుని, నా ట్రంకుపెట్టెలో బట్టల కింద పెట్టాను. చెరపలేదు కాబట్టి నేను మంచిదాన్నని ఒక గంటసేపు అనుకున్నాను. అది కూడా ఇక్కడ రాయాలి.


మార్గశిరం 18

చెప్పలేదు.


మార్గశిరం 19

లారీ వచ్చింది. నాకు ఉత్తర్వులు తెచ్చింది. మాఘం ఒకటి నుంచి నగరంలో, ధ్వని భాండాగారంలో సహాయ పరిశీలకురాలు. "త్వరితమైన, నిష్పక్షపాతమైన నిర్ణయశక్తిని గుర్తించి" అని రాసి ఉంది.

ఎర్రమ్మ పిన్నికి చదివి వినిపించమంటే వినిపించాను. "మంచిదే తల్లీ. ఈ ఉప్పుగాలిలో నీకేటి పని," అని గుడ్ల పెట్టెలోంచి రెండు తీసి అట్టు వేసి పెట్టింది. తిన్నాను.


మార్గశిరం 21

మంచు దట్టం. చెయ్యి చాపితే వేళ్లు కనబడలేదు.

నూట పద్దెనిమిదో దెబ్బకి కేకలు వినబడ్డాయి. ఒడ్డుకేసి వచ్చే కేకలు కావు, మునకపేట వైపు నుంచి. నూకరాజు పడవ డాబా పిట్టగోడకి కొట్టుకుంది. పడవకీ గోడకీ మధ్య సింహాద్రి కాలు పడింది. నూకరాజు పడవలో పనిచేసే కుర్రవాడు, పోయినేడు పెళ్లయింది. ఆరోగ్య కార్యకర్త రెండు వేళ్లు తీసేసింది. పాదం నిలబడుతుందో లేదో వారం పోతేగాని చెప్పలేనంది.

సాయంత్రం చేపలెండబెట్టే గట్టు మీద అందరూ కూర్చున్నారు. సింహాద్రిని మంచంతో సహా తెచ్చి మధ్యలో పెట్టారు. మొహం పాలిపోయినా నోరు ఊరుకోలేదు. "రెండు వేళ్లే కదేటి పోయింది. చెప్పులు కుట్టీవోడు కొంచెం తగ్గిస్తాడేటో అడగండి."

ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "ఎవుల్నీ అనక్కర్నేదు గాని, యంత్రం కొత్తది, బోర్డోలిచ్చింది. సదువుకున్న పిల్ల ఇని మరీ ఒప్పింది. పాతదల్లా సెయ్యే. ఎర్రమ్మకి వయసైపోనాది. పిలుపు ఇంకొకలికి అప్పజెప్పడం మంచిది."

ఎర్రమ్మ పిన్ని లేచి నిలబడింది. తల ఎత్తలేదు. "నాకూ అలగే అనిపిస్తంది. దెబ్బ పడతన్నట్టే ఉంటాది నాకు. మరి ఎల్లట్లేదు. ఎవులికైనా నేర్పెత్తాను."

నూకరాజు నావైపు తిరిగాడు. "మేడంగోరూ, మీరు దగ్గిరుండి ఇంటన్నారు కదా. అప్ప సెయ్యి ఆడట్లేదా?"

అందరూ నాకేసి చూశారు. ఎర్రమ్మ పిన్ని కూడా. నేను చెబితే నమ్మేద్దామన్నట్టు చూసింది.

"చెప్పలేం," అన్నాను. "ఇంకొన్నాళ్లు చూడాలి."

ఈ వాక్యం రాయడానికి నాకు ఇప్పుడు పావుగంట పట్టింది. అప్పుడు అనడానికి క్షణం కూడా పట్టలేదు.


మార్గశిరం 23

పొద్దున్న ఎర్రమ్మ పిన్ని ఆలస్యంగా వచ్చింది. కుడి మణికట్టుకి గుడ్డ చుట్టి ఉంది. పసుపూ ఆముదమూ కలిసిన వాసన.

"ఏమైంది పిన్నీ?"

"ఏటీ నేదు. వాతలెట్టించుకున్నాను. నరం సచ్చిందేటోనని. మా అమ్మకీ ఇలగే పెడితే సెయ్యి తిరిగొచ్చింది." మూడు వేళ్లు చూపించింది. మూడు వాతలు. "నొప్పి తగ్గాక సూద్దాం. నాలుగు రోజులు పడతాది."

గుడ్డ కింద నుంచి ఒక అంచు కనబడింది. కాల్చిన వంకాయ తొక్కలా ఉంది.

ఏమీ లేని చేతికి, ఏ తప్పూ చేయని చేతికి, ఎర్రగా కాల్చిన ఇనుము మూడుసార్లు పెట్టించుకుంది. నేను ఆ రోజు గట్టు మీద చెప్పి ఉంటే పెట్టించుకునేది కాదు. పందొమ్మిదిన అట్టు తింటూ చెప్పినా పెట్టించుకునేది కాదు. లెక్క చాలా తేలిక. వెనక్కి ఎంత దూరం వెళ్లినా నేనే కనబడుతున్నాను.

బయటికి వెళ్లి డోక్కున్నాను. తరువాత నేరుగా గట్టు దగ్గరికి వెళ్లాను. నూకరాజు, సింహాద్రి, చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు. ఎర్రమ్మ పిన్ని నా వెనకే వచ్చింది, నాకు కడుపులో బాగాలేదేమో అనుకుని నిమ్మకాయ తెచ్చింది.

ఆ నిమ్మకాయ ఆవిడ చేతిలో ఉండగానే చెప్పాను. మీటరు సంగతి, నాలుగు గీతల సంగతి, ఫారం సంగతి, టేపు సంగతి. ఎంత సిద్ధం చేసుకున్నా మాటలు చెల్లాచెదురుగా వచ్చాయి. ఒకసారి చెప్పిందే మళ్లీ చెప్పాను. ఉత్తర్వుల మాట కూడా చెప్పాను.

నూకరాజు దగ్గరికి వచ్చాడు. "నాలుగు గీతలంటే ఎంత మేడంగోరూ?"

వేలితో చూపించాను.

"సిటికెన గోరంత."

"అవును."

నూకరాజు సింహాద్రి కాలికేసి చూశాడు. మళ్లీ నా వేలికేసి చూశాడు. అంతే. ఎవరైనా తిట్టి ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. ఒకావిడ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ మొదలుపెట్టారు.

ఎర్రమ్మ పిన్ని ఒక్క మాట అంది, నాతో కాదు, తనలో తనే. "పన్నెండు రోజులు నా సెయ్యే అనుకున్నాను."

నిమ్మకాయ గట్టు మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.


మార్గశిరం 24

పచ్చ పుస్తకంలో నాలుగో తేదీ పేజీ మీద ఎర్రసిరాతో నిజం రాశాను. బోర్డుకి ఉత్తరం రాశాను: మాలచ్చి వాల్వులు వెనక్కి ఇప్పించండి, నాకిచ్చిన ఉత్తర్వులు రద్దు చేయండి. లారీ వస్తేగాని ఉత్తరం వెళ్లదు. వాల్వులు అసలు వస్తాయో రావో.

పడవలు వెళ్లడం ఆపేశారు. ఎనిమిదీ ఇసకలో వరసగా ఉన్నాయి. షెడ్డు నుంచి నా గదికి పోవాలంటే వాటి ముందు నుంచే పోవాలి. రోజూ ఉదయం నా తలుపు దగ్గర గంజి ముంత పెట్టే ఆవిడ ఇవాళ కూడా పెట్టింది. ఉప్పు వేసి మరీ. మొహం చూడలేదు.


మార్గశిరం 26

ఎర్రమ్మ పిన్ని వచ్చింది. గుమ్మంలో నిలబడే అడిగింది.

"ఆ టేపు ఉందన్నావు కదా. నాకు ఇనిపించు."

స్టూలు వేశాను. కూర్చోలేదు, నేల మీద గోడకానుకుని కూర్చుంది. మీటరు ఆవిడకి చూపించి, ముల్లు రెండిటికీ ఒకేచోట ఆగేలా చేసి, వినిపించాను.

మాలచ్చి. తరువాత ఏడో నంబరు. మళ్లీ మాలచ్చి.

కళ్లు మూసుకుని వింటోంది. నేను పక్కకి చూస్తూ ఉన్నాను. ఆవిడ మొహం చూసే అర్హత ఉందనిపించలేదు.

"ఆపు. అది మళ్లీ ఎయ్యి. పాతది."

వేశాను. ఐదుసార్లు వేయించింది. ఐదోసారి అయ్యాక కళ్లు తెరిచింది. "మరైతే నా సెవులు బాగానే ఉన్నాయి."

"ఉన్నాయి పిన్నీ."

"సెయ్యి కూడా."

"చెయ్యి కూడా."

"నువ్వు ఆవేళ నవ్వినావు సూడు," అంది. "అది నాకు ఇంటికాడ కూడా ఇనబడింది. బోర్డాయన నవ్వితే ఏటనుకోనేదు. ఆయనకేటి తెలుసు. నువ్వు నవ్వినావని, నాకే తెల్దేటో అనుకున్నాను."

క్షమించమని అడగబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది, వాతల చెయ్యే.

"అది తరవాత. ముందు పడవలెల్లాలి. నీ యంత్రం మూత తియ్యి."

మూత తీశాక సాయంత్రం దాకా పని చేశాం. గెయిన్ సగానికి తగ్గించింది. కింది ఉరుము మీట పూర్తిగా మూసేసింది. లోపల ఒక చిన్న భాగం తీసేసి, తన డబ్బాలోంచి వేరేది ఇచ్చి నా చేత అతికించింది. "నడుం తేవాలి దీనికి. మాలచ్చి అవదు. గొంతంటూ ఒకటొస్తే సాలు." చెయ్యి మండినప్పుడల్లా ఊదుకుంది. నేను ఊదబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

చివరికి వాయించింది. షెడ్డులో వింటే నీరసంగా ఉంది, పాతరేడియోలా.

"ఎలాగుంది?" అంది.

"ఇక్కణ్ణుంచి చెప్పలేను," అన్నాను.

"అదీ," అంది. "పడవెక్కు మరి."


మార్గశిరం 28

ఇవాళ మంచు పట్టింది. ఏడింటికి నూకరాజు పడవ ఒక్కటే నీళ్లలోకి దించారు. మనుషులం ఇద్దరమే. పడవ వెనక పొడుగాటి తాడు కట్టి, రెండో కొస షెడ్డు గుంజకి కట్టారు. ఒకసారి లాగితే ఇంకా కుదరలేదని. రెండుసార్లు లాగితే కుదిరిందని, రేపటి నుంచి పడవలెళ్లవచ్చని. ఐదు రోజులుగా పొయ్యిల మీద ఎండుచేపలే. మేం బయల్దేరినప్పుడు ఊరంతా ఒడ్డు మీద ఉంది. కాస్త దూరం పోయాక ఎవరూ కనబడలేదు, ఒక పసిబిడ్డ ఏడుపు మాత్రం చాలాసేపు వినబడింది.

రెండేళ్లుగా సముద్రం కోసం ధ్వని తేల్చిన నేను పడవ ఎక్కడం ఇదే మొదటిసారి. నూకరాజుకి అది తెలుసు. కూర్చోవడానికి చోటు చూపించాడు, కళ్లకి కట్టుకోమని తువ్వాలు ఇచ్చాడు. పడవని ఇటు మూడుసార్లు, అటు రెండుసార్లు తిప్పాడు. ఒడ్డు ఎటుందో నాకు తెలియకుండా పోయింది.

మొదటి దెబ్బ వచ్చింది. అన్నివైపుల నుంచీ వచ్చింది.

"ఎటు?" అన్నాడు.

"తెలియడం లేదు."

ఒకసారి లాగాడు.

కాసేపటికి ఇంకో దెబ్బ. అక్కడ ఎర్రమ్మ పిన్ని ఏ మీట తిప్పిందో గాని మరీ పలచబడింది. ఒకసారి. తరువాతది బాగానే మొదలై మధ్యలో మంచులో కరిగిపోయింది. ఒకసారి. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదోసారికి తువ్వాలు తడిసిపోయింది, మంచుకో దేనికో. ప్రతి దెబ్బా ఆ మణికట్టు నుంచే వస్తోంది. నేను కాదన్న ప్రతిసారీ ఆ చెయ్యి మళ్లీ లేవాలి.

పదకొండోది వచ్చింది. గొంతు ఉంది. బొంగురు, దాని నడుమ స్వరం. ఎడమవైపు, కొంచెం వెనగ్గా. చెయ్యి చాపి చూపించాను.

నూకరాజు నేను చూపించింది ఒప్పో తప్పో చెప్పలేదు. చెప్పకూడదని ముందే అనుకున్నాం. "తెలిసిందా మరి?"

ఇంకా సాగుతున్న ఆ దెబ్బని లెక్కపెడుతూ విన్నాను. అయిదు, ఆరు అంకెల దాకా ఎడమవైపే ఉంది. ఏడు దగ్గర కొద్దిగా కదిలింది. కుడికి, అంటే మునకపేట ఏ వైపుందో ఆ వైపుకేమో. లేక నా చెవి అలసిపోయిందేమో. మిగతా అంతా బాగుంది. మాలచ్చి అంత కాకపోయినా చాలా బాగుంది. ఎవరూ తప్పు పట్టలేరు.

"ఒకటా, రెండా?" అన్నాడు నూకరాజు.

రెండు అంటే బిడ్డలకి పచ్చిచేప దొరుకుతుంది. ఎర్రమ్మ పిన్ని గిటారు దించి చెయ్యి చల్లనీళ్లలో పెట్టుకుంటుంది. ఒడ్డు మీదివాళ్లు, ఒకరిద్దరైనా, నా మొహం చూస్తారు. రెండు అనే మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

"ఏడు దగ్గర కదిలింది," అన్నాను. "ఒకటి."

తాడు నీళ్లలోంచి ఒక్కసారి లేచి పడిన చప్పుడు. తరువాత చాలాసేపు ఏమీ లేదు. అక్కడ ఆవిడ చేతికి ఊదుకుంటూ ఉండాలి.

"అయితే బాగా కూకోండి," అన్నాడు నూకరాజు. "ఇంకోపాలి ఇందాం."